ఆటలో చోటు

జెకర్యా గ్రంథము 8వ అధ్యాయములో ఒక చక్కని చిత్రమున్నది. చెరనుండి తిరిగి వచ్చిన జనులు పాడుపడిన యెరూషలేమును చూచి దిగులుపడుచుండగా, ఆ పట్టణము మరల బాగుపడినప్పుడు ఎట్లుండునో ప్రవక్త వారికి తెలుపుచున్నాడు. ఆయన అక్కడ చూపించినది గోడల ఎత్తు కాదు, ధాన్యపు కొట్లు కావు. 4వ వచనములో వృద్ధులును వృద్ధురాండ్రును వీధులలో కూర్చుండి యున్నారు. వారి చేతులలో కఱ్ఱలున్నవి. 5వ వచనములో అవే వీధులనిండ మగపిల్లలును ఆడుపిల్లలును ఆడుకొనుచున్నారు. ఈ రెండు వచనములను వేరువేరుగా చదివి విడిచిపెట్టుట మన వాడుక. ఈ నెల వీటిని కలిపి చదువుదము. బాగుపడిన ఆ పట్టణములో కఱ్ఱ అవసరమైనవారు లేకపోలేదు. కఱ్ఱ పట్టుకొనుట అక్కడ ఎవరికిని సిగ్గుగా తోచలేదు. అట్లయితే 4వ వచనములోని కఱ్ఱ 5వ వచనములోని బిడ్డకు కావలసివచ్చినయెడల ఏమి చేయుదము? ముసలివానికి చేతికఱ్ఱ కొనిపెట్టుటకు మనలో ఎవరును వెనుదీయరు. చేయి కురచగా పుట్టిన బిడ్డకు ఆడుకొనుటకు ఒక పనిముట్టు కావలెనన్నప్పుడు మాత్రము, "ఆటకా?" అని అడుగుదుము.

ఈ ప్రశ్నను మేము ఊహించి వ్రాయుటలేదు. నేటి పిల్లలలో అనేకులు వీడియో ఆటలు ఆడుచున్నారు. వాటిని ఆడువాడు చేత పట్టుకొను సాధనమును కంట్రోలరు అందురు. 1983లో జపాను దేశపు నింటెండో సంస్థ అమ్మిన ఆట యంత్రముతో వచ్చిన కంట్రోలరు చిన్న పలకవంటిది. ఎడమ బొటనవ్రేలికి దిక్కులు చూపు మీట, కుడి బొటనవ్రేలికి రెండు బొత్తాములు. నేటి వాటిలో రెండు బొటనవ్రేళ్లకు రెండు చిన్న కఱ్ఱలు, చూపుడువ్రేళ్లకు నాలుగు మీటలు, మధ్యను మరికొన్ని బొత్తాములు. ఇవి అన్నియు రెండు అరచేతులను, వాటి వ్రేళ్లను లెక్కలో పెట్టుకొని అమర్చినవి. వాటిని చేసినవారు చెడ్డవారు కారు. తమ చేతులను చూచుకొని చేసిరి. అయితే ఒక సంగతి ఇక్కడనే గుర్తుంచుకొనవలెను. ఒక చేయి మోచేతివరకే యున్న బిడ్డకొరకు చేసిన కంట్రోలరును మనము "ప్రత్యేకమైనది" అందుము. మామూలు కంట్రోలరు కూడ ఒకరి చేతికి ప్రత్యేకముగా అమర్చినదే. ఆ చేతులవారు ఎక్కువమంది గనుక అది మనకు కనబడదు.

వీడియో ఆటలనగానే కొందరు పెద్దలు ముఖము చిట్లించుకొందురు. మేమును వాటిని పొగడుటకు కలము పట్టలేదు. అర్ధరాత్రి దాటువరకు తెర ముందు కూర్చుండి, తెల్లవారి బడిలో కునికిపాట్లు పడు బాలురను చూచుచునే యున్నాము. నెత్తురు చిందు ఆటలు కొన్ని ఏ బిడ్డకును ఇవ్వదగినవి కావు. అయితే ఆడుటకు వీలులేని బిడ్డ ఆటను మానుకొన్నవాడు కాడు. అన్నము ముందుంచుకొని మానినవాడు ఉపవాసమున్నవాడు. అన్నము దొరకనివాడు ఆకలిగొన్నవాడు. తలుపు తెరచిన తరువాత, "చాలు, ఇక లేచి రమ్ము" అని ఇద్దరు బిడ్డలకును ఒకే మాట చెప్పవచ్చును. ఒకనికి తలుపే లేనప్పుడు, అది వానికి మేలే అనుకొనుట సోమరితనము. పైగా నేటి పిల్లలు సాయంకాలమున కలిసికొను వీధి కొంతవరకు ఆ తెరయే. బడిలో మరునాడు వారు మాటలాడుకొనునది రాత్రి ఆడిన ఆటను గూర్చియే. ఆడని బిడ్డ ఆ మాటలలో కూడ బయటనే నిలుచును.

అవయవ భేదముతో బిడ్డ పుట్టినప్పుడు మొదట పుట్టు ప్రశ్న ఆటను గూర్చి కాదు, కారణమును గూర్చి. గర్భములో నాలుగవ వారమునుండి ఎనిమిదవ వారములోపల చేతులును కాళ్లును రూపము దాల్చును. ఒక్కొక్కప్పుడు ఉమ్మనీటి సంచి లోపొర చినిగి, దాని పోగులు పెరుగుచున్న వ్రేళ్లకు చుట్టుకొనును. అనేకసార్లు కారణము ఇదియని వైద్యులుకూడ చెప్పలేరు. మన ఊళ్లలో మాత్రము చెప్పలేనివారు ఉండరు. గ్రహణమునాడు తల్లి బయటికి వచ్చినదనియు, కత్తిపీట ముట్టినదనియు, ఆమె మంచము చుట్టు చేరి చెప్పుదురు. సంఘములోనివారు గ్రహణము మాట ఎత్తరు గాని, ఇంటివారి పాపముల మాట ఎత్తుదురు. రెండింటికిని ఎక్కువ దూరము లేదు. యోహాను సువార్త 9వ అధ్యాయములో శిష్యులు అడిగినదియు ఆ ప్రశ్నయే. పుట్టు గ్రుడ్డివాని విషయమై పాపము వానిదా, తలిదండ్రులదా అని అడిగినప్పుడు, ప్రభువు ఆ రెండింటిలో దేనినిగాని ఒప్పుకొనక, వారి చూపును జరుగవలసిన పని వైపునకు త్రిప్పెను.

ఈ త్రిప్పుట తలిదండ్రులకు సులభమైనది కాదు. 2014నుండి మైక్రోసాఫ్ట్ సంస్థకు ముఖ్యాధికారిగా నున్న సత్య నాదెళ్ల మన హైదరాబాదు బిడ్డ. ఆయన కుమారుడు 1996లో మెదడుకు కలిగిన హానివలన అవయవములు స్వాధీనములో లేని స్థితితో పుట్టి, 2022లో కన్నుమూసెను. నాకెందుకు ఇట్లు జరిగెనని తాను చాలకాలము బాధపడితిననియు, జరిగినది తనకు కాదు, తన కుమారునికని తెలిసికొనుటకు కొన్ని యేండ్లు పట్టెననియు, ఈ విషయములో భార్య తనకంటె ముందు నడిచెననియు ఆయన 2017లో వెలువడిన తన గ్రంథములో ఒప్పుకొనెను. జరిగినది ఎవరికి? సరిచేయవలసినది ఎవరికొరకు? మొదటి ప్రశ్నకు తప్పు జవాబు చెప్పుకొన్నవారు రెండవదానికిని తప్పు జవాబే చెప్పుదురు.

దానికొక పెద్ద దృష్టాంతమున్నది. 1957 అక్టోబరులో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అను మందు అమ్మకమునకు వచ్చెను. నిద్రకును, గర్భిణుల వేవిళ్లకును దానిని వాడిరి. 1961 నవంబరులో అక్కడ దానిని నిలిపివేయునాటికి అనేక దేశములలో వేలకొలది బిడ్డలు కురచ చేతులతో, కొందరు చేతులే లేకుండ పుట్టిరి; మొత్తము సంఖ్య పదివేలకు పైబడినదని చెప్పుదురు. పెద్దలు చింతించి, నేర్పరులైన ఇంజనీర్లను పిలిచి, ఆ బిడ్డలకు కృత్రిమ హస్తములు చేయించిరి. బొగ్గుపులుసు వాయువును బిగించి నింపిన సీసాలతో అవి కదలును. పని గొప్పది, శ్రమ గొప్పది. అయితే వాటి బరువు చిన్న భుజములకు ఎక్కువ. వాటి తొడుగు క్రింద బిడ్డకున్న రెండు మూడు వ్రేళ్లు కప్పబడిపోయి, స్పర్శ తెలియకుండ పోయెను. చాలమంది బిడ్డలు వాటిని విప్పి మూలను పడవేసి, తమ కురచ చేతులతోను, కాలివ్రేళ్లతోను తినిరి, వ్రాసిరి, బొమ్మలు వేసిరి. ఆ బిడ్డలు మొండివారని కొందరు పెద్దలు నొచ్చుకొనిరేమో; మాకు మాత్రము బిడ్డలే తెలివిగలవారుగా కనబడుచున్నారు. ఆ హస్తములు కొంతవరకు చూచువారి కన్నులకొరకు చేసినవి. పని జరుగుటకంటె రూపము సరిపోవుట అక్కడ ముందు వచ్చినది.

ఇప్పుడు మరల ఆట కంట్రోలరునొద్దకు వత్తము. 1989లోనే నింటెండో సంస్థ చేతులు కదల్చలేనివారికొరకు ఒకటి చేసెను. దానిని రొమ్మునకు తగిలించుకొని, నోటితో కఱ్ఱను త్రిప్పుచు, గొట్టములో ఊదుటయు పీల్చుటయు రెండు బొత్తాములుగా ఆడవలెను. ఆ తరువాత చాలకాలము ఈ పని ఎక్కువగా స్వచ్ఛంద సేవకుల బల్లలమీదనే జరిగెను. అమెరికాలో 2004లో ఆరంభమైన ఏబుల్ గేమర్స్, ఇంగ్లాండులో 2007లో ఆరంభమైన స్పెషల్ ఎఫెక్ట్ అట్టి సంఘములు. యుద్ధములో గాయపడిన సైనికులకు ఒక్కొక్కరికి తగినట్లు కంట్రోలరులను విప్పి మార్చియిచ్చు వార్‌ఫైటర్ ఎంగేజ్డ్ అను మరియొక సంఘమును గలదు. 2014లో ఆ సంఘమువారు చేసిన ఒక కంట్రోలరు ఛాయాచిత్రము మైక్రోసాఫ్ట్ ఇంజనీరు ఒకని కంట బడెను. అక్కడనుండి కదలిన పని 2018 సెప్టెంబరులో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలరుగా అంగళ్లకు వచ్చెను.

దాని ఏర్పాటును కొంచెము నిదానముగా చూడవలెను, ఏలయనగా మా ఆలోచన అంతయు దానిమీదనే ఆనుకొని యున్నది. అది ఇంచుమించు 29 సెంటీమీటర్ల పొడవు, 13 సెంటీమీటర్ల వెడల్పు గల తెల్లని పలక. పైన రెండు పెద్ద గుండ్రని నల్లబొత్తాములు, చిన్న పళ్లెములంత. అరచేతితోగాని, మోచేతితోగాని, పాదముతోగాని, గడ్డముతోగాని నొక్కవచ్చును. అసలు విశేషము వెనుకనున్నది. అక్కడ 19 రంధ్రములు వరుసగా నున్నవి. చెవికి పెట్టుకొను శబ్దయంత్రముల తీగ దూర్చు 3.5 మిల్లీమీటర్ల రంధ్రములే అవి. మామూలు కంట్రోలరులోని ఒక్కొక్క బొత్తామునకు ఒక్కొక్క రంధ్రము. బిడ్డకు ఏ మీట అనుకూలమో దానిని తెచ్చి అక్కడ తగిలించవలెను. మోకాలికి ఒకటి, చెంపకు ఒకటి, కురచ చేతి కొనకు ఒకటి. అంగవైకల్యము గల పిల్లల బడులలోను చికిత్సాలయములలోను వాడు మీటలు ముందునుండియు ఆ కొలత తీగలతోనే యుండుట చేత, కొందరి ఇండ్లలో ఉన్నవే పనికివచ్చెను. పలక అడుగున మరల రంధ్రములుండుట చేత దానిని చక్రముల కుర్చీకి బిగింపవచ్చును. దానిని పెట్టిన అట్టపెట్టెకు సహితము వలయములవంటి పట్టీలు పెట్టిరి. వ్రేళ్లు లేనివాడు పండ్లతో చింపవలసిన పనిలేకుండ దానిని తెరచుకొనవచ్చును. 2023 డిసెంబరులో సోనీ సంస్థయు యాక్సెస్ అను గుండ్రని కంట్రోలరును తెచ్చెను. దానిని ఏ వైపు త్రిప్పి పెట్టుకొన్నను ఆడవచ్చును. బొత్తాముల మూతలు పలు ఆకారములలో మార్చుకొనవచ్చును.

ఇక్కడ బిడ్డను ఎవరును మార్చలేదు. చేయి ఎంతయున్నదో అంతయే యున్నది. మారినది పనిముట్టు. బిడ్డకు ఒక్క గెలుపు గుర్తునైనను అదనముగా ఇవ్వలేదు; గమ్యమును దగ్గరకు జరుపలేదు. పరుగుపందెములో ఒకనిని సగము దూరములో నిలిపి "నీవు ఇక్కడనుండి పరుగెత్తుము" అనుట ఒకటి, వాని పాదమునకు తగిన జోడు కుట్టించుట మరియొకటి. మొదటిదానిలో గెలిచినవానికి లోపల సంతోషముండదు. రెండవదానిలో ఓడినను వాడు నిజముగా ఓడినవాడే. నిజముగా ఓడిపోవుట చిన్న గౌరవము కాదు. అంగవైకల్యము గల బిడ్డను పెద్దలు చాలసార్లు ఓడిపోనివ్వరు. తామే ఓడినట్లు నటింతురు. ఆ నటనను బిడ్డ మనమనుకొన్నదానికంటె ముందుగానే కనిపెట్టును.

దీనిని మెచ్చుకొనువారు కొందరు మరియొక మాట చెప్పుచున్నారు. తెరమీద అందరును సమానులు, అక్కడ వాని చేయి ఎవరికిని కనబడదు, కావున అక్కడ వాడు స్వతంత్రుడు అని. ఈ మాటకు మేము సగమే ఒప్పుకొందుము. చూపులనుండి ఒక గంట విశ్రాంతి దొరుకుట మంచిదే. అయితే చేయి కనబడనిచోటనే చేర్చుకొనబడిన బిడ్డ ఇంకను పూర్తిగా చేర్చుకొనబడలేదు. రెండవ సమూయేలు 9వ అధ్యాయములో మెఫీబోషెతు దావీదు బల్లయొద్దకు పిలువబడెను. బల్ల క్రింద వాని కుంటికాళ్లు దాగిపోయెనని బోధకులు ఇంపుగా చెప్పుట మనము వినియున్నాము. గ్రంథకర్త మాత్రము అట్లు దాచలేదు. ఆ అధ్యాయపు చివరి వచనములో వాడు ఎల్లప్పుడు రాజు బల్లయొద్ద భోజనము చేయుచుండెనని చెప్పిన వెంటనే, వాని రెండు కాళ్లు కుంటివని మరల చెప్పి ముగించెను. బల్లయొద్ద చోటునకును, కాళ్లు కనబడుటకును అక్కడ విరోధము లేదు.

కనబడుటలోను ఒక చిక్కున్నది. 2019 ఫిబ్రవరిలో అమెరికా దేశపు ఫుట్‌బాలు అంతిమ పోటీనాడు మైక్రోసాఫ్ట్ సంస్థ ఈ కంట్రోలరుతో ఆడు పిల్లలను టెలివిజనులో చూపించెను. ఆనాడు 30 సెకండ్ల ప్రకటన వెల 50 లక్షల డాలర్లకు మించినది. పిల్లల నవ్వులు నిజమైనవి. అమ్మకపు ఉద్దేశమును నిజమైనదే. అవయవ భేదము గల బిడ్డలు తమవంటి చేతులను లక్షలమంది చూచు తెరమీద చూచుట మేలు చేసియుండునని నమ్ముచున్నాము. వర్తకుని ప్రతి మంచిపనిలోను లాభము వెదకి దానిని త్రోసిపుచ్చుట మాకు ఇష్టము లేదు. అయినను బిడ్డ సంతోషము మన మంచితనమునకు పటముగా మారుట వర్తకులవద్దనే జరుగదు. అనాథశాలల వార్షిక నివేదికల అట్టలమీద ముద్రించిన ముఖములను తలంచుకొనుడి.

సహాయము ఎంతవరకు అన్నది కష్టమైన ప్రశ్న. 2017లో ఎక్స్‌బాక్స్ యంత్రమునకు ఒక వసతి చేర్చబడెను. రెండు కంట్రోలరులు పట్టుకొన్న ఇద్దరు కలిసి ఒక్క ఆటగానినే నడుపవచ్చును. తెరమీది బండిని బిడ్డ త్రిప్పుచుండగా, వేగపు మీటను అన్న నొక్కుచుండును. మన చేతి హార్మోనియముతో పోల్చిన ఇది తెలియును. ఒక చేయి తిత్తిని కదల్చవలెను, ఒక చేయి మెట్లను నొక్కవలెను. ఒంటిచేతి బిడ్డ దానిని ఒంటరిగా వాయింపలేడు. ప్రక్కను ఒకడు కూర్చుండి తిత్తి కదల్చిన, వాడు కీర్తన వాయించును. లేక కాళ్లతో త్రొక్కు పాతరకపు హార్మోనియమును వానికి చూపవచ్చును. అప్పుడు తోడు అవసరము లేదు. ఈ రెండింటిలో ఏది మేలు? గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో 2వ వచనము ఒకరి భారములొకరు మోయుటను కోరుచున్నది. మూడు వచనములు దాటగానే 5వ వచనము ప్రతివాడును తన బరువు తానే మోయుటను చెప్పుచున్నది. పౌలు మరచిపోయి వ్రాయలేదు. తిత్తి ఊదువాడు మెట్లమీదికి చేయి చాచినప్పుడు, ఆ కీర్తన ఇక బిడ్డది కాదు. ఆట నడుమ విసుగుపుట్టి, "ఇటు తెమ్ము, నేను దాటించెదను" అని కంట్రోలరు లాగుకొను అన్నలు ఎన్ని ఇండ్లలో లేరు! అవయవములన్నియు సరిగానున్న తమ్ముడు వెంటనే తిరిగి లాగుకొనును. ఈ బిడ్డ ఊరకుండును. మనము దానిని శాంతస్వభావమందుము.

వెల మాటయు చెప్పవలెను. అడాప్టివ్ కంట్రోలరును 2018లో ఇంచుమించు 100 డాలర్లకు అమ్మిరి. దానికి తగిలించు మీటలు వేరుగా కొనవలెను. లాజిటెక్ సంస్థ 2019లో 12 మీటలను ఒక పెట్టెగా చేసి మరియొక 100 డాలర్లకు అమ్మకమునకు పెట్టెను. విడివిడిగా కొనుటకంటె అది చవుకయే. అయినను వ్రేళ్లు తక్కువైన బిడ్డ తండ్రి ఎక్కువ సొమ్ము చెల్లించుచున్నాడు. ఇది న్యాయమా? లెక్క అంతేగదా అని వర్తకుడు చెప్పును. దేవాలయపు మెట్లను తలంచుకొనుడి. నడువగలవారికొరకు ఆ మెట్లు కట్టినప్పుడు సంఘపు సొమ్ముతో కట్టిరి. నడువలేని విధవరాలు వేసిన కానుకయు అందులో నున్నది. ఆమె చక్రముల కుర్చీకి వాలుదారి కట్టవలెనన్నప్పుడు మాత్రము ప్రత్యేక చందా పుస్తకము తెరచుట ఎందుకు? అందరి పనిముట్ల వెలలో ఈ కొద్దిమంది వెలను కలిపి పంచుకొనిన, ఒక్కొక్కరికి పడు భారము బహు స్వల్పము. కెనడాలో మేకర్స్ మేకింగ్ చేంజ్ అను ప్రయత్నమువారు మీటల నమూనాలను ఉచితముగా పంచిపెట్టుచున్నారు. అచ్చుయంత్రముతో ప్లాస్టిక్ వస్తువులు పోతపోయు నేర్పు, టంకము పెట్టు నేర్పు గలవాడెవడైనను వాటిని తన బల్లమీద చేసి ఇవ్వవచ్చును. అట్టి నేర్పు గల యువకులు మన పట్టణములలోను ఇంజనీరింగు కళాశాలలలోను కొదువలేరు.

ఇట్టి పని చేయబూనువారు కంట్రోలరును చేతబట్టుకొని బిడ్డ ఇంటికి పోరాదు. మొదట బిడ్డతో కూర్చుండి, ఏ అవయవము ఎంత దూరము కదలునో, ఎంతసేపటికి అలయునో, ఏ ప్రక్కకు వాలి కూర్చుండిన నొప్పిలేదో చూడవలెను. దానికంటె ముందు, "నీవు ఏ ఆట ఆడగోరుచున్నావు?" అని అడుగవలెను. తల్లి జవాబు చెప్పబోవును; ఆమెను మెల్లగా ఆపి, బిడ్డ నోరు తెరచువరకు కాచుకొనవలెను. బంతియాట అని చెప్పవచ్చును, బండ్ల పందెమని చెప్పవచ్చును. మనకు బొత్తిగా నచ్చని ఆటయొకటి చెప్పినను చెప్పవచ్చును; అప్పుడు తక్కిన పిల్లలతో వాదించినట్లే వానితోను వాదింతము.